ఉడకని గింజ

పోయిన వారం గిన్నె బోర్లాపడిన చప్పుడు దగ్గర ఆగాం. మూడో అంతస్తులో మెట్ల మలుపు దగ్గర పొడుగాటి బల్ల మీద వరసగా మూడు గిన్నెలుండాలి. ఇప్పుడు రెండే ఉన్నాయి. మూడోది నేల మీద మూతి కొట్టుకుని పడి ఉంది. చిక్కుడుగింజల కూర అనే పేరు మోస్తున్న పలుచటి నీళ్ళు మెట్లు దిగి కింది వాళ్ళ గుమ్మాన్ని పలకరించడానికి బయల్దేరాయి. గిన్నెను తోసింది మేస్త్రీ భార్య. ఆ వంట వండిన పొదుపమ్మ గరిటె పట్టుకుని గుడ్లప్పగించి నిలబడింది.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు. పొదుపమ్మ అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నూనె ప్యాకెట్టు ఖాళీ అయ్యాక దాన్ని నిలువునా చీల్చి లోపలి జిడ్డుని పెనానికి రుద్దే మనిషికి వీధి పెట్టిన పేరు. ఎగతాళిగా పుట్టిన పేరే అయినా ఇప్పుడు పాలవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు, ఆమె కూడా అలాగే పలుకుతోంది. ఆ అంతస్తులో మూడిళ్ళున్నాయి. ఒకటి పొదుపమ్మది, ఒకటి మేస్త్రీది, ఒకటి ఆసుపత్రిలో పనిచేసే నర్సుది. మూడిళ్ళకీ కలిపి పొద్దుటి వంటకి ఒకే పొయ్యి వెలుగుతుంది. ఒక్కో ఇంటికి వరసగా రెండు రోజులు వంతు. వంతు ఎవరిదైతే వాళ్ళు మూడు గిన్నెలూ నింపి బల్ల మీద పెడతారు. మిగతా ఇద్దరూ తమకు నచ్చిన గిన్నె ముందు తీసుకోవాలి, వండినామెకు ఆఖరున మిగిలిందే దక్కుతుంది. అందుకని ఏ గిన్నెకీ తక్కువ చెయ్యాలనే బుద్ధి ఎవరికీ పుట్టదు. ఈ ఏర్పాటంతా పొదుపమ్మ బుర్రలోంచి వచ్చిందే. దానివల్ల గ్యాసు మిగిలింది, కూరగాయలు గంపగుత్తగా కొంటే కలిసొచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ చేతులతోనే బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పూటపనికి చేరింది. వంతుల పొయ్యి ఆరిపోతే ఆ పని కూడా పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, మేస్త్రీ భార్యకూ తెలుసు.

"కూరా ఇది?" అంటోంది మేస్త్రీ భార్య. ఆమె గొంతు లేస్తే పై అంతస్తులో తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. "మా ఆయన గోడకి కొట్టే సున్నం నీళ్ళు దీనికంటే చిక్కగా ఉంటాయి!"

"నేను చిక్కగానే వండాను. తీసేసరికి ఎలా పలుచబడుతోందో నాకూ తెలియట్లేదు," అంది పొదుపమ్మ.

"మరి ఈ నీళ్ళెక్కడివి? చూరు కారి పడ్డాయా? పొదుపు చేసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? నీ గిన్నెలో చేసుకో. ఎండలో ఇటుకలు పేర్చి వచ్చే మనిషి గిన్నెలో కాదు. పోయిన వంతులోనూ ఇంతే. నోరు మూసుకున్నాను. అంతకు ముందు వంతులోనూ ఇంతే. పోన్లే, పొరపాటేమో అనుకున్నాను. మూడోసారి కూడా పొరపాటనుకుంటే నన్ను వెర్రిదాన్నంటారు."

"నా గిన్నె కూడా చూడండి. నాకూ అదే కూర. నా పిల్లకి పెట్టేదీ అదే."

"నీళ్ళు తాగి బతకడం నీకలవాటేమో!"

పొదుపమ్మ నర్సు వైపు చూసింది. నర్సు ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి, ఇద్దరి మధ్యా ఎన్నోసార్లు సర్దిచెప్పింది. ఆవేళ మాత్రం తలెత్తలేదు. "ఊరుకోండి వదినా, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళైంది," అని గొణిగి, మూతయినా తీసి చూడకుండా దగ్గరున్న గిన్నె అందుకుని తలుపేసుకుంది. రోజూ రెండు గిన్నెలూ చూసి చిక్కనిది ఎంచుకునే మనిషి!

అక్కడ పొదుపమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిసినారి అన్నా ఆమె పడుతుంది. అది తిట్టని ఆమె ఏనాడూ అనుకోలేదు. దొంగ అంటే మాత్రం ఊరుకోదు.

"వినండి," అంది, పై అంతస్తు తలుపులకు కూడా వినపడేలాగా. "నా ఇంట్లో తప్పు జరిగి ఉంటే, చేసిన మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఈ బల్ల ముందు నిలబెడతాను. ఎవరైనా సరే. తప్పు నాదైతే నేనే నిలబడతాను."

"రేపు కూడా నీ వంతే," అంది మేస్త్రీ భార్య. "రేపు కూడా ఇదే కడుగునీళ్ళైతే నా గిన్నె నేను తీసేసుకుంటా. నీ వంతులకో దండం, నీ పొయ్యికో దండం."

తలుపు ధడాలున పడింది.

పొదుపమ్మ గుడ్డా చేటా తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. గింజలు ఏరుతూ, అలవాటు కొద్దీ ఒకటి వేళ్ళ మధ్య నలిపింది. అది నలగలేదు. ఇంకోటి నలిపింది, అదీ నలగలేదు. మూడోది పంటి కింద పెట్టింది. రాయి!

ఆమె చెయ్యి ఆగిపోయింది. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఆ గింజ ఆమెకు అంతకంటే ఎక్కువే చెప్పింది.

పొదుపమ్మ వంటంతా బొంత పెట్టెలో జరుగుతుంది. పళ్ళ దుకాణంలో పారేసిన చెక్కపెట్టె తెచ్చి, ఫ్యాక్టరీలో మిగిలే గుడ్డపీలికలు దట్టంగా కూరి, మధ్యలో గిన్నె పట్టేంత గూడు చేసింది. రాత్రి నానబెట్టిన గింజల్ని పొద్దున్నే పొయ్యి మీద బాగా కుతకుత మరిగించి, గిన్నెను సెగతో సహా ఆ గూట్లో దించి, పైన పాత బొంత కప్పి, కొసలు గట్టిగా లోపలికి దోపి పనికి పోతుంది. మధ్యాహ్నం వచ్చేసరికి గింజ దూదిలా మెత్తబడి ఉంటుంది. పొయ్యి వెలగక్కర్లేదు, దగ్గర కాపలా ఉండక్కర్లేదు. పెట్టెకు ఒకే నియమం ఉంది: మధ్యలో తెరవకూడదు. తెరిస్తే సెగ పోతుంది. సెగ పోతే గింజ ఉడకదు.

ఈ గింజ ఉడకలేదు. అంటే పెట్టె ఎవరో తెరిచారు. తెరిచి ఊరుకోలేదు, చిక్కని కూర తోడుకుని చన్నీళ్ళు పోసి పెట్టారు.

ఆమె పనిలో ఉండే వేళ ఇంట్లో ఉండేది ఒక్కరే.

*

అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని వంకాయల్లో పుచ్చిన భాగం కోసి పడేస్తోంది. బజారు సర్దేసే వేళకు వెళ్తే దెబ్బతిన్న కూరగాయలు సగానికి సగం తగ్గించి ఇస్తారు. పొద్దెక్కాక సంచీ పుచ్చుకుని వెళ్ళి వాటిని ఏరి తేవడం ఆవిడ పని. మంచి ముక్క ఒక పక్కకు, పుచ్చు ఒక పక్కకు వేస్తూ, కోడలు గుమ్మంలో నిలబడ్డా తలెత్తలేదు.

"అత్తయ్యా, పెట్టె తెరిచారా?"

"ఏ పెట్టె?"

"మనింట్లో ఎన్ని పెట్టెలున్నాయి?"

"బయట గొంతులు వినపడ్డాయి. ఆ మేస్త్రీ పెళ్ళాం నోటికి తాళం లేదు. దాని మాటలు పట్టుకుని నా మీదకొస్తావేంటి?"

పొదుపమ్మ గింజను తీసి కత్తిపీట పక్కన పెట్టింది. "కొరికి చూడండి."

"పళ్ళుంటే కొరికేదాన్నే."

"నవ్వులాట కాదత్తయ్యా! అంతస్తంతా నన్ను దొంగని చేసి మాట్లాడుతోంది. రేపటితో పొయ్యి ఆరిపోతుంది. నా పని పోతుంది. పిల్ల స్కూలు ఎలా గడుస్తుంది, అద్దె ఎలా కడతాం? మీ అబ్బాయి జీతం పదో తారీఖుకే పై లోకం చూస్తుంది. ఒక్క మాట చెప్పండి. తెరిచారా, లేదా?"

అత్తగారు వంకాయ కోస్తూనే ఉంది. పొదుపమ్మ కళ్ళు మాత్రం ఆవిడ కొంగు మీద ఆగాయి. అంచున ఎండి అంటుకుని ఉంది, గోరంత చిక్కుడుగింజ తొక్క. ఆ రోజు మధ్యాహ్నం వడ్డన ఇంకా కాలేదు. ఇంట్లో ఎవరూ ఇంకా కూర తినలేదు.

"అదేంటి?"

అత్తగారు కొంగు చూసుకుంది. తొక్కను గోటితో గీకి తీసి, పుచ్చు ముక్కల్లో వెయ్యకుండా మంచి ముక్కల్లోనూ వెయ్యకుండా వేలి మీదే పెట్టుకుని కాసేపు చూసింది. అప్పుడు కత్తిపీట పక్కకు నెట్టింది.

"అవును. తిన్నాను."

"ఎందుకు?"

"మనుషులు ఎందుకు తింటారే?"

పొదుపమ్మకు జాలి రాలేదు. వచ్చింది కోపమే. "మధ్యాహ్నం పెడుతున్నాను, రాత్రి పెడుతున్నాను..."

"ఏం పెడుతున్నావు? గరిటెడు. దాన్ని కంచంలో ఓ మూలకి జరిపితే మిగతా కంచమంతా నా మొహం నాకే కనపడుతుంది."

"మీరే అన్నారు! ఈ వయసులో నాకెక్కడి ఆకలే అని మీ నోటితో మీరే అన్నారు!"

"అన్నాను. పిల్లకి జ్వరమొచ్చి పాలూ పళ్ళూ కావాల్సొచ్చిన రోజున అన్నాను. ఆ పూటకి అన్నాను. ఆ పూట మాటని తీసుకుని నువ్వు నా బతుక్కే కొలత చేశావు. ఆ తర్వాత ఒక్కసారి, ఒక్కసారైనా 'అత్తయ్యా, ఇంకాస్త వెయ్యనా' అని అడిగావా?"

"మీకు నోరు లేదా? కావాలంటే అడిగితే నేను పెట్టనా?"

"అడగాలా?" అత్తగారు గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడ పొట్టి మనిషి. ఆ క్షణాన మాత్రం గది ఆవిడకు చాలనట్టనిపించింది. "నా కొడుకింట్లో నేను గిన్నె పుచ్చుకుని నిలబడాలా? నువ్వు అరిగిన సబ్బు ముక్కలు ముద్ద చేసి మళ్ళీ సబ్బు చేస్తే నలుగురిలో మెచ్చుకున్నాను. దుంపల తొక్కలు మరిగించి చారు కాస్తే మా కోడలంతటిది లేదన్నాను. నువ్వు ఏ గిన్నెనీ అడుగు దాకా గీకకుండా వదల్లేదు. గీకీ గీకీ చివరికి నన్నూ గీకావే!"

"నేనేమైనా మేడలు కట్టుకున్నానా? పట్టుచీరలు కట్టుకుని ఊరేగుతున్నానా? నా కంచంలో ఏముందో మీరెప్పుడైనా చూశారా?"

"చూశాను. రోజూ చూస్తాను. నాకంటే తక్కువే వేసుకుంటావు. అయితే? నీ కడుపు నువ్వు కాల్చుకుంటావు కాబట్టి నా కడుపూ కాల్చొచ్చని నీకు రాసిచ్చిందెవరు? నీ ఆకలి నీ ఇష్టం. నా ఆకలి నీ సొత్తు కాదు."

ఆ మాట పొదుపమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తగిలినచోట నొప్పి కంటే ముందు మంటే పుట్టింది. ఇన్నేళ్ళూ తను చిన్న చేసుకున్న ప్రతి ముద్దా ఇంటికోసమే అనుకుంది. ఇప్పుడది నేరమైందా? అందులో తన పక్క మనిషి ముద్ద కూడా కలిసిపోయిందని ఒప్పుకోవడానికి ఆమె కోపం ఒప్పుకోలేదు.

"సరే. తిన్నారు. అయితే రండి," అని అత్తగారి చెయ్యి పట్టుకుంది. "బల్ల ముందు మాటిచ్చాను. ఎవరైనా సరే నిలబెడతానన్నాను. రండి, చెప్పండి."

"పద," అంది అత్తగారు. చెయ్యి విడిపించుకోలేదు. "చెప్తాను. కోడలింట్లో ఆకలేసి, నిలబడి, దొంగతనంగా తిన్నానని చెప్తాను. సిగ్గెవరికో వినేవాళ్ళు తేలుస్తారు."

పొదుపమ్మ పట్టుకున్న మణికట్టు ఆమె వేళ్ళలో గుండ్రంగా చుట్టుకుపోయి ఇంకా ఖాళీ మిగిలింది. ఎముక మీద చర్మం ఒక్కటే కదిలింది. ఈ చెయ్యి ఎప్పుడు ఇంత సన్నబడింది? రోజూ చూస్తున్న చెయ్యే. రోజూ చూస్తే కనపడలేదు.

ఆమె వదిలేసింది.

"ఏం, ఆగిపోయావేం?" అత్తగారి కోపం ఇంకా సగమే అయింది. "ఇంకోటి కూడా విను, బల్ల దగ్గర కలిపి చెప్దువుగాని. నేను తిన్నది ఆ చిన్న గిన్నెడు. మూడు కుటుంబాల కూర నీళ్ళైపోవడానికి నేనేమైనా ఏనుగునా?"

"నీళ్ళు మీరే పోశారుగా."

"నీళ్ళా!" ఆవిడ నిజంగానే నొచ్చుకుంది. తిండి దొంగతనం ఒప్పుకున్న మనిషి, నీళ్ళ మాట అనేసరికి మొహం ఎర్రగా చేసుకుంది. "బొంత పెట్టెలో చన్నీళ్ళు పొయ్యడానికి నాకేం మతి పోయిందనుకున్నావా? నువ్వు ఆ పెట్టె చేసిన రోజున పీలికలు కూరింది నేను. మూత ఓరగా తీసి, తోడుకుని, కన్నుమూసి తెరిచేలోగా బొంత దోపేస్తాను. సెగ ఆవగింజంతైనా బయటికి పోదు. ఆ పెట్టెలో చన్నీళ్ళు పోసినవాడు జన్మలో పొయ్యి మొహం చూడనివాడు!"

"మరి..."

"నేను బజారు నుంచి వచ్చి తెరిచేసరికే పలుచగా ఉంటోంది. నీ పనే అనుకున్నాను."

"నేనా?"

"ఇంకెవరు? ఇదేదో కొత్త పొదుపు కాబోలు, అడిగితే లెక్చరిస్తుంది అనుకుని నోరు మూసుకున్నాను. ఆ నీళ్ళు తాగి ఏం కడుపు నిండుతుంది? అందుకే ఇంకాస్త తోడుకున్నాను."

పొదుపమ్మ పెట్టె దగ్గరికి వెళ్ళి మోకరిల్లింది. తను బొంత కొసలు లోపలికి దోపుతుంది. అత్తగారూ అంతే. "మీరు తెరిచేసరికి కొసలెలా ఉంటాయి?"

"పైకి వేలాడుతుంటాయి. హడావుడిలో పనికి పోతున్నావనుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్తగారు బజారుకు వెళ్ళేటప్పుడు ఇంటికి తాళం వేస్తుంది. తాళం పగలలేదు. తాళం చెవి ఒకటి పొదుపమ్మ దగ్గరుంది, ఒకటి అత్తగారి బొడ్లో ఉంది. మూడో చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది అత్తగారు. "ఈశ్వరుడికి అత్తాకోడళ్ళ సాయం లేదు కదా, అందుకని."

పొదుపమ్మకు నవ్వు రాలేదు. లేచి, బల్ల మీద తనకు మిగిలిన గిన్నె తెచ్చి, పొయ్యి వెలిగించి, గింజ మెత్తబడేదాకా మళ్ళీ ఉడికించింది. గ్యాసు పోతే పోనీ అనుకోవడం ఆమెకు అదే మొదలు. పెద్ద గిన్నె నిండా పోసి, రొట్టెలతో పాటు అత్తగారి ముందు టప్పున పెట్టింది.

"తినండి."

"జాలా?"

"కాదు. కోపం."

"అయితే తింటాను," అని అత్తగారు పీట జరుపుకుంది.

*

సాయంత్రం ఆమె భర్త ఎప్పటి వేళకే వచ్చాడు. అతను ప్రింటింగ్ ప్రెస్సులో మెషీను నడుపుతాడు. "ఊపిరాడనంత పని," అన్నాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, ఆకలి లేదని లేచాడు. చేతులు కడుక్కుంటుంటే పొదుపమ్మ పక్కనే నిలబడి నీళ్ళు పోసింది.

ఆమె వాడేసిన నిమ్మచెక్కలు పారెయ్యదు. కుళాయి పక్కన డబ్బాలో వేసి ఉంచుతుంది. ప్రెస్సు సిరా సబ్బుకు లొంగదు, నిమ్మచెక్కకే లొంగుతుంది. రోజూ సాయంత్రం అతను ఓ చెక్క తీసుకుని గోళ్ళ సందుల్లో రుద్దుకునేవాడు. ఆ డబ్బాలోకి ఇప్పుడు చూసింది. చెక్కలన్నీ అలాగే ఉన్నాయి. ఎండి, డొప్పల్లా ముడుచుకుపోయి, అడుగువి బూజు కూడా పట్టాయి.

అతని గోళ్ళు చూసింది. పెళ్ళికొడుకు గోళ్ళలా తెల్లగా ఉన్నాయి.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు.

"ఏం లేదు. చేతులు శుభ్రంగా ఉన్నాయి," అంది.

అతను గబగబా తుడుచుకున్నాడు.

తెల్లారింది. పొదుపమ్మ ఎప్పటిలాగే గింజలు మరిగించింది. గరిటె నిలబడేంత చిక్కగా ఉన్నాయో లేదో అత్తగారిని పిలిచి చూపించింది. ఆవిడ తల ఊపింది. గిన్నె పెట్టెలో దించి, బొంత కప్పి, కొసలు ఇద్దరూ చెరోవైపు నుంచి దోపారు. పిల్ల స్కూలుకు పోయింది. భర్త టిఫిను డబ్బా పుచ్చుకుని ప్రెస్సుకని బయల్దేరాడు. పొదుపమ్మ అందరూ చూసేలా మెట్లు దిగింది. వీధి మలుపు దాకా వెళ్ళి, ఒంట్లో బాగాలేదని తోటి పనామెతో ఫ్యాక్టరీకి కబురు పంపి, వెనక మెట్ల మీదుగా తిరిగొచ్చింది. ఆ పూట కూలి పోయినట్టే. పోనీ అనుకుంది. రెండు రోజుల్లో ఇది రెండో "పోనీ".

అత్తగారు సంచీ పట్టుకుని, బజారుకు వెళ్తున్నానని మేస్త్రీ భార్యకు వినపడేలా కేకేసి, బయట తాళం వేసి, కిందికి వెళ్ళి, అదే వెనక మెట్ల మీదుగా, పొదుపమ్మ లోపలి గడియ తీసిన వంటింటి తలుపులోంచి వచ్చింది. ఇద్దరూ లోపలి గదిలో తెర వెనక నేల మీద కూర్చున్నారు. సంచీ ఇంకా అత్తగారి ఒళ్ళోనే ఉంది.

"ఎవరూ రాకపోతే?" అంది పొదుపమ్మ గుసగుసగా.

"రాకపోతే ఇద్దరం కలిసి ఆ బల్ల ముందు నిలబడదాం. నువ్వు పెట్టలేదని నేను చెప్తాను, నేను అడగలేదని నువ్వు చెప్పు."

పొదుపమ్మ ఆవిడ వైపు తిరిగింది. ఏదో అనాలనుకుంది. "రాత్రి ఇంకో రొట్టె తిని ఉండాల్సింది మీరు," అంది చివరికి.

"అడగలేదుగా నువ్వు."

అప్పుడు తాళంలో చెవి తిరిగింది.

తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో లోపలికొచ్చాడు ఆమె భర్త. ఇంకో చేతిలో పొద్దున తీసుకెళ్ళిన డబ్బా లేదు, మూత ఉన్న పెద్ద క్యాను ఉంది. అటూ ఇటూ చూడలేదు. తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళి, బొంత లాగి పక్కన పడేసి, గరిటె వెతుక్కోకుండానే అందుకున్నాడు. అడుగు నుంచి తోడాడు. చిక్కటి కూర క్యానులో పడుతున్న చప్పుడు ఒకటి తర్వాత ఒకటి వినపడింది. తర్వాత కుళాయి తిప్పాడు. చెంబుతో చన్నీళ్ళు పట్టి, గిన్నెలో పోసి, గరిటెతో ఓ తిప్పు తిప్పాడు.

ఆ నీళ్ళు తన నెత్తినే పోసినట్టు పొదుపమ్మ ఒళ్ళు ఝల్లుమంది. అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుంది.

వీధి తలుపు దగ్గర మరో మనిషి నీడ కదిలింది.

"త్వరగా కానివ్వండి అన్నయ్యా, నా డ్యూటీ వేళైంది," అంది ఆ నీడ. ఆ మెత్తటి గొంతు నర్సుది. "వదినకి ఇంకా చెప్పలేదా?"

"ఎలా చెప్పమంటావు?"

"నిన్న ఆవిడ మేస్త్రీ గారి భార్య చేత నానా మాటలూ పడుతుంటే నేను తలెత్తలేకపోయాను. నిజం నోటి చివరిదాకా వచ్చింది. ఇంక నా వల్ల కాదన్నయ్యా. మా వార్డులో మంచాల మీదున్న మీ ప్రెస్సు వాళ్ళు నలుగురూ రోజూ అడుగుతున్నారు, ఈ కూర ఏ తల్లి వండుతోందని. ఏం చెప్పమంటారు? వాళ్ళని మంచాన పడేసిన మనిషి పెళ్ళామే వండుతోందని చెప్పనా?"

క్యాను మూత చేతిలోంచి జారి నేల మీద గింగిరాలు తిరిగింది.

పొదుపమ్మ లేచింది. బల్ల ముందు తనిచ్చిన మాట చెవుల్లో మోగుతోంది. ఎవరైనా సరే. చెయ్యి పట్టుకుని. నిన్నటి నుంచి కొంగున ముడేసి ఉంచుకున్న ఉడకని గింజ ఇప్పుడు ఆమె పిడికిట్లో ఉంది, అరచేతిలో గుంట పడేలా నొక్కుకుపోయింది. తెర మీద చెయ్యి వేసింది.

ఆ చేతి మీద, సన్నటి, ఎముకలు తేలిన ఇంకో చెయ్యి పడింది.

"ఆగు," అంది అత్తగారు. ఒళ్ళోని సంచీ కింద పెట్టి, కొంగు బిగించి నడుముకు దోపింది. "కూర నువ్వు వండావు. వాణ్ణి కన్నది నేను. ముందు నేనడుగుతాను."

ఆవిడే తెర లాగింది.